బహిరంగ ఆర్థిక వ్యవస్థలు ప్రపంచ సంక్షోభాలను ఎంతవరకు తట్టుకుంటాయి?

విదేశీ వాణిజ్యానికి, విదేశీ పెట్టుబడికి తలుపులు తెరిచిన దేశం ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు ఎక్కువగా దెబ్బతింటుందా, లేక ఆ బహిరంగతే దానికి రక్షణ అవుతుందా అన్నది ఇక్కడి ప్రశ్న. అవుననేవారికీ, కాదనేవారికీ ఉదాహరణలకు కొదవ లేదు. 2008 నాటి ఐస్‌లాండ్‌ను చూపించి బహిరంగత ప్రమాదకరమని వాదించవచ్చు. అదే సంక్షోభంలో సింగపూర్‌ను చూపించి బహిరంగతే బలమని వాదించవచ్చు. ఈ వాదం ఎంతకీ తెగకపోవడానికి కారణం, ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు ఒకటిగా కలిసిపోవడమేనని నేను భావిస్తాను. సరుకులు, సేవలు సరిహద్దు దాటడం ఒక విషయం. అప్పులు, డిపాజిట్లు, బాండ్లు, షేర్లు దాటడం మరొక విషయం. సంక్షోభ సమయంలో ఈ రెండూ ఒకే విధంగా ప్రవర్తించవు, చాలాసార్లు ఒకదానికొకటి వ్యతిరేకంగా పనిచేస్తాయి కూడా. అలాగే తట్టుకునే శక్తిని ఒకే కొలతతో కొలవకూడదు. దేశం ఎంత లోతుకు పడింది అన్నది ఒక కొలత, పడ్డాక ఎంత త్వరగా లేచింది అన్నది రెండో కొలత. ఒక కొలతలో ఓడిన దేశం రెండో కొలతలో గెలవడం తరచుగా చూస్తాం.

ముందుగా వాణిజ్యం సంగతి. ప్రపంచ మాంద్యం వచ్చినప్పుడు ఉత్పత్తి కంటే వాణిజ్యం చాలా ఎక్కువగా పడిపోతుంది. 2009లో ప్రపంచ ఉత్పత్తి దాదాపు పెరుగుదల లేకుండా నిలిచిపోగా, సరుకుల వాణిజ్య పరిమాణం మాత్రం సుమారు 12 శాతం తగ్గింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అంతటి పతనం అదే మొదటిది. దీనికి కారణాలు అర్థం చేసుకోవడం కష్టం కాదు. భవిష్యత్తుపై భయం పుట్టినప్పుడు ప్రజలు, కంపెనీలు ముందుగా వాయిదా వేసుకునేవి కార్లు, యంత్రాలు, ఎలక్ట్రానిక్ పరికరాల వంటి మన్నికైన వస్తువుల కొనుగోళ్లు. దేశాల మధ్య అధికంగా నడిచే వాణిజ్యం కూడా వాటిదే. ఆ వస్తువుల విడిభాగాలు తయారీ దశల్లో పలు సరిహద్దులు దాటుతాయి కనుక, చివరి కొనుగోలుదారు వెనక్కి తగ్గినప్పుడు ఆ ఒక్క అమ్మకమే వాణిజ్య లెక్కల్లో అనేకసార్లు తగ్గుదలగా నమోదవుతుంది. దీనికి తోడు, ఎగుమతిదారుకు లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే సొమ్ము అందుతుందన్న హామీపత్రం, ఇచ్చే బ్యాంకులే ఒకదాన్నొకటి నమ్మలేని పరిస్థితి 2008 చివరి నెలల్లో ఏర్పడింది.

అందుకే ఎగుమతులపై ఆధారపడిన దేశాలు తమ తప్పు ఏమీ లేకపోయినా దెబ్బతిన్నాయి. జపాన్ బ్యాంకుల చేతిలో, ఆ సంక్షోభానికి మూలమైన అమెరికా గృహరుణాల ఆధారంగా తయారైన పత్రాలు చాలా తక్కువ. అయినా 2009లో ఆ దేశ ఉత్పత్తి 5 శాతానికి పైగా కుదించుకుపోయింది. సొంత ఇళ్ల మార్కెట్లో బుడగ ఏదీ లేని జర్మనీ కూడా దాదాపు అంతే నష్టపోయింది. మొదటి కొలత ప్రకారం చూస్తే వాణిజ్య బహిరంగత దెబ్బను లోపలికి తెస్తుందన్న వాదన నిజమే, దాన్ని కప్పిపుచ్చవలసిన అవసరం లేదు.

కానీ కథ అక్కడితో ఆగిపోతే అది సగం నిజమే అవుతుంది. వాణిజ్య పరిమాణం జీడీపీకి మూడు రెట్లకు పైగా ఉన్న సింగపూర్, 2009లో ఎదుగుదల లేకుండా నిలిచిపోయి, 2010లో ఏకంగా 14 శాతానికి పైగా పెరిగింది. ఆ నడుమ ఉద్యోగాలు పోకుండా యజమానులకు వేతన సహాయం ఇవ్వడం వంటి చర్యల కోసం, గత ప్రభుత్వాలు కూడబెట్టిన నిల్వల నుంచి 490 కోట్ల సింగపూర్ డాలర్లు తీసుకోవడానికి దేశాధ్యక్షుని అనుమతి పొందింది. అలా గత నిల్వలను తాకడం ఆ దేశ చరిత్రలో అదే మొదటిసారి. ఎగుమతి మార్కెట్లు తెరుచుకున్న మరుక్షణం కార్మికులు, యంత్రాలు సిద్ధంగా ఉండడం వల్లనే ఆ వేగం సాధ్యమైంది. జర్మనీ కూడా పని గంటలు తగ్గించి, తగ్గిన వేతనంలో కొంత ప్రభుత్వమే భరించే పద్ధతితో నిరుద్యోగం పెద్దగా పెరగకుండా కాపాడుకుంది. దెబ్బను తెచ్చిన దారిలోనే కోలుకోవడం కూడా వచ్చింది. అయితే ఆ దారి మూసి ఉన్నన్నాళ్లు మనుషులను, నైపుణ్యాలను నిలబెట్టుకోగల ప్రభుత్వ ఖజానా ఆ దేశాలకు ఉంది.

వాణిజ్య బహిరంగత అసలు విలువ, సంక్షోభం దేశం లోపలే పుట్టినప్పుడు లేదా విదేశీ రుణం అకస్మాత్తుగా ఆగిపోయినప్పుడు తెలుస్తుంది. 1994 డిసెంబరులో మెక్సికో పెసో కుప్పకూలింది; డాలరు విలువకు ముడిపెట్టిన స్వల్పకాలిక ప్రభుత్వ పత్రాలు నిల్వలను మించిపోవడమే దానికి ముఖ్య కారణం. 1995లో ఆ దేశ ఉత్పత్తి సుమారు 6 శాతం పడిపోయింది. అయితే అంతకు ఏడాది ముందే, 1994 జనవరి 1న, ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చి ఉంది. పెసో చౌకైన వెంటనే మెక్సికో సరుకులు అమెరికాలోకి ఆటంకం లేకుండా ప్రవేశించాయి, 1996 నాటికే వృద్ధి మళ్లీ మొదలైంది. దక్షిణ కొరియా 1998లో 5 శాతం మేర కుదించుకుపోయి 1999లో 11 శాతానికి పైగా పెరిగింది. 1998 ఒక్క ఏడాదిలోనే కరెంట్ ఖాతాలో, అంటే విదేశాలతో వాణిజ్యం, ఆదాయాల రాకపోకల లెక్కలో, సుమారు 4,000 కోట్ల డాలర్ల మిగులు చూపించింది. ఆ మొదటి ఏడాది మిగులులో పెద్ద భాగం దిగుమతులు పడిపోవడం వల్ల వచ్చిందే తప్ప ఎగుమతుల విజయం వల్ల కాదని చెప్పడం న్యాయం. ఆ తర్వాతి సంవత్సరాల్లో మాత్రం భారాన్ని మోసింది ఎగుమతులే.

దీనికి పూర్తిగా ఎదురైన ఉదాహరణ అర్జెంటీనా. 1991లో ఆ దేశం తన కరెన్సీని డాలరుకు కట్టివేస్తూ చట్టం చేసి (1992 నుంచి ఒక పెసోకు ఒక డాలరు), మూలధన రాకపోకలను పూర్తిగా స్వేచ్ఛగా వదిలింది. కానీ దాని ఎగుమతులు జీడీపీలో పదోవంతుకు అటూ ఇటూ మాత్రమే ఉండేవి. విదేశాల నుంచి ఏటా జీడీపీలో 4 శాతం మేర వచ్చే రుణం ఒక్కసారిగా ఆగిపోయిందనుకుందాం. ఎగుమతులు జీడీపీలో 40 శాతం ఉన్న దేశం ఆ లోటును ఎగుమతులతోనే పూడ్చాలంటే వాటిని పదోవంతు పెంచితే చాలు. ఎగుమతులు 10 శాతమే ఉన్న దేశం వాటిని 40 శాతం పెంచాలి, అది ఒకటి రెండేళ్లలో అసాధ్యం. కనుక మిగిలిన దారి దిగుమతులను, అంటే ప్రజల వినియోగాన్ని, పరిశ్రమల ముడిసరుకును నరికివేయడమే. అందుకు కరెన్సీ విలువ విపరీతంగా పడిపోవాలి, అది పడిపోతే డాలర్లలో అప్పు చేసిన ప్రతి ఒక్కరూ దివాలా తీస్తారు. 2001 డిసెంబరులో బ్యాంకుల నుంచి డబ్బు తీసుకోవడంపై ఆంక్షలు పెట్టడం, ఆ వెంటనే విదేశీ రుణాల ఎగవేత ప్రకటించడం, 2002 జనవరిలో పెసోను డాలరు నుంచి విడదీయడం, ఆ ఏడాది ఉత్పత్తి దాదాపు 11 శాతం కుప్పకూలడం ఈ లెక్క ప్రకారమే జరిగాయి. విదేశీ రుణప్రవాహం అకస్మాత్తుగా ఆగిపోవడాన్ని లోతుగా అధ్యయనం చేసిన గిల్యెర్మో కాల్వో, ఆయన సహచరులు అర్జెంటీనా విషయంలో ఎత్తి చూపినది కూడా ఈ తర్కాన్నే. ఆర్థికవేత్తలు ఎడ్వర్డో కవాయో, జెఫ్రీ ఫ్రాంకెల్ అనేక దేశాల సమాచారాన్ని పరిశీలించి, వాణిజ్యానికి ఎక్కువగా తెరుచుకున్న దేశాల్లో ఇలాంటి ఆగిపోవడాలు తక్కువగా జరుగుతాయని తేల్చారు. ఆర్థికంగా తెరిచి, వాణిజ్యపరంగా మూసి ఉంచడం అన్నిటికంటే చెడ్డ కలయిక అని నేను నిస్సంకోచంగా చెబుతాను.

ఇక రెండో ద్వారం, అంటే మూలధనం. ఇక్కడ ఎంత తెరిచారన్నదాని కంటే ఏ రకపు డబ్బు, ఏ కరెన్సీలో, ఎంత గడువుతో, ఎవరి ఖాతాలోకి వచ్చిందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. 1997 నాటి ఆసియా సంక్షోభంలో ఇండోనేషియా, దక్షిణ కొరియా, మలేసియా, ఫిలిప్పీన్స్, థాయిలాండ్ దేశాలకు 1996లో సుమారు 9,300 కోట్ల డాలర్ల ప్రైవేటు విదేశీ డబ్బు వచ్చింది. మరుసటి ఏడాది సుమారు 1,200 కోట్ల డాలర్లు బయటికి పోయింది. ఆ తిరోగమనం ఆ దేశాల మొత్తం జీడీపీలో దాదాపు పదోవంతు. ఫ్యాక్టరీలు పెట్టిన విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి చాలా వరకు కదలలేదు. ఫ్యాక్టరీని రాత్రికి రాత్రి విప్పి తీసుకుపోలేరు, కరెన్సీ చౌకైతే దాని ఎగుమతి లాభం పెరుగుతుంది కూడా. మూడు నెలలకో ఆరు నెలలకో గడువు తీరే బ్యాంకు రుణాలు మాత్రం పునరుద్ధరణ లేకుండా వెనక్కి వెళ్లాయి.

ఆ దేశాలు అంత స్వల్పకాలిక రుణం ఎందుకు తీసుకున్నాయన్నది ముఖ్యమైన విషయం, ఎందుకంటే అది యాదృచ్ఛికం కాదు. థాయిలాండ్ 1993లో బ్యాంకాక్‌ను ప్రాంతీయ ఆర్థిక కేంద్రంగా మార్చాలని అంతర్జాతీయ బ్యాంకింగ్ సదుపాయాన్ని నెలకొల్పింది. విదేశీ డిపాజిట్లను విదేశీ రుణగ్రహీతలకు ఇవ్వడానికి ఉద్దేశించిన ఆ సదుపాయం ఆచరణలో స్వదేశీ కంపెనీలు డాలర్లలో అప్పు తెచ్చుకునే దారి అయింది. కొరియాలో కంపెనీల దీర్ఘకాలిక విదేశీ రుణాలపై నియంత్రణలు కొనసాగగా, వాణిజ్య అవసరాల పేరుతో స్వల్పకాలిక రుణాలు స్వేచ్ఛగా నడిచాయి. ప్రమాదకరమైన దాన్ని ముందు తెరిచి, సురక్షితమైన దాన్ని మూసి ఉంచడం అంటే ఇదే. రుణమిచ్చే వైపు కూడా ప్రోత్సాహం అటే ఉండేది. బ్యాంకులు ఎంత సొంత మూలధనం ఉంచాలో చెప్పే అప్పటి అంతర్జాతీయ బాసెల్ నిబంధనల ప్రకారం, సంపన్న దేశాల కూటమి అయిన ఓఈసీడీలో సభ్యత్వం లేని దేశాల బ్యాంకులకు ఏడాదిలోపు గడువుతో ఇచ్చిన అప్పుకు చాలా తక్కువ మూలధనం కేటాయిస్తే సరిపోయేది. అంతకంటే ఎక్కువ గడువుంటే ఐదు రెట్లు కేటాయించవలసి వచ్చేది. ఇద్దరికీ స్వల్పకాలమే చౌక అయింది, ఆ చౌక తాలూకు ధరను చివరికి దేశం మొత్తం చెల్లించింది.

గడువు కంటే కూడా కరెన్సీ అసమతౌల్యం మరింత ప్రాణాంతకం. థాయిలాండ్ కరెన్సీ బట్‌ను 1997 జూలై 2న డాలరు నుంచి విడదీసినప్పుడు డాలరుకు సుమారు 25 బట్‌లు ఉండేవి. 1998 జనవరి నాటికి అవి 50 దాటాయి. ఆదాయం బట్‌లలో, అప్పు డాలర్లలో ఉన్న కంపెనీకి ఏ తప్పూ చేయకుండానే అప్పు రెట్టింపయింది. 2008లో ఇదే ప్రమాదం హంగరీలో సాధారణ కుటుంబాల ఇళ్లలోకి వచ్చింది. వడ్డీ తక్కువని స్విస్ ఫ్రాంకుల్లో గృహరుణాలు తీసుకున్నవారికి, హంగరీ కరెన్సీ ఫోరింట్ పడిపోయిన ప్రతిసారీ నెలవారీ వాయిదా పెరిగింది. దీనికి భిన్నంగా ఆస్ట్రేలియాను చూడండి. ఆ దేశం దశాబ్దాలుగా కరెంట్ ఖాతా లోటుతోనే నడిచింది, దాని బ్యాంకులు విదేశాల్లో భారీగా అప్పు తెచ్చాయి. 2008 జూలైలో దాదాపు అమెరికా డాలరుకు సమానంగా ఉన్న ఆస్ట్రేలియా డాలరు కొన్ని నెలల్లోనే మూడోవంతు విలువ కోల్పోయింది. అయినా ఆ దేశం మాంద్యంలోకి జారలేదు. అప్పులో చాలా భాగం సొంత కరెన్సీలో ఉండడం లేదా మారకపు రేటు ప్రమాదాన్ని హెడ్జింగ్ ద్వారా బయటివారికి బదిలీ చేసి ఉండడం వల్ల, కరెన్సీ పతనం అక్కడ దివాలాలకు బదులు ఎగుమతులకు ఊతాన్నిచ్చింది. ప్రభుత్వం బ్యాంకుల విదేశీ రుణాలకు హామీ ఇవ్వవలసి వచ్చిందన్నదీ నిజమే. అలాంటి హామీని మార్కెట్ నమ్మడానికి ప్రభుత్వ రుణం తక్కువగా ఉండడమే కారణం.

ఒకే దేశం రెండు సంక్షోభాలను రెండు విధాలుగా ఎదుర్కొన్న సందర్భం అన్నిటికంటే ఎక్కువ నేర్పుతుంది. అందుకే చిలీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1970ల చివరికి చిలీ సుంకాలను దాదాపు అన్ని వస్తువులపైనా ఒకే విధంగా 10 శాతానికి తగ్గించింది, బ్యాంకులను ప్రైవేటుపరం చేసింది, 1979లో పెసోను డాలరుకు 39 దగ్గర స్థిరపరిచింది. బ్యాంకులను కొన్న వ్యాపార సముదాయాలు వాటి ద్వారా విదేశాల నుంచి డాలర్లు తెచ్చి తమ సొంత కంపెనీలకే అప్పులిచ్చుకున్నాయి. పర్యవేక్షణ బలహీనం. ప్రభుత్వ బడ్జెట్ మిగులులో ఉంది కనుక, అప్పంతా ప్రైవేటుది కనుక చింత లేదన్నది అప్పటి అధికారిక ధోరణి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లు తీవ్రంగా పెంచడం, రాగి ధర పడిపోవడం, 1982 ఆగస్టులో మెక్సికో చెల్లించలేనని చేతులెత్తేయడంతో లాటిన్ అమెరికాకు రుణాలు నిలిచిపోవడం వరుసగా జరిగాయి. పెసో స్థిరత్వం అంతకు ముందే, 1982 జూన్‌లో తెగిపోయింది. ఆ ఏడాది ఉత్పత్తి పదోవంతుకు పైగా కూలిపోయింది. 1983లో ప్రధాన బ్యాంకులను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకోవలసి వచ్చింది. ప్రైవేటుదని చెప్పుకున్న విదేశీ అప్పు భారం చివరికి ప్రజల మీద పడింది.

2009 నాటి చిలీ కూడా వాణిజ్యానికి ఎంతో తెరుచుకున్న దేశమే, రాగి మీద ఆధారపడినదే. మారినవి వేరే విషయాలు. సంక్షోభం తర్వాత కఠినమైన బ్యాంకింగ్ చట్టం వచ్చింది. 1991 నుంచి 1998 వరకు, దేశంలోకి వచ్చే విదేశీ రుణంలో కొంత భాగాన్ని వడ్డీ లేకుండా కేంద్ర బ్యాంకు దగ్గర ఏడాది పాటు ఉంచాలన్న నిబంధనను వివిధ స్థాయిల్లో అమలు చేశారు. గడువు ఎంత తక్కువైతే ఆ భారం అంత ఎక్కువ అవుతుంది. వచ్చే డబ్బు మొత్తాన్ని అది పెద్దగా తగ్గించలేదు కానీ దాని గడువును పొడిగించిందన్నది పరిశోధకుల్లో ఎక్కువమంది మాట. 1999లో పెసోను స్వేచ్ఛగా వదిలారు. 2001 నుంచి, రాగి ధర ఆ ఏడాది ఎంత ఉందన్నదాన్ని బట్టి కాకుండా దీర్ఘకాలిక సగటు ధర ఎంత ఉండవచ్చన్న అంచనాను బట్టి ప్రభుత్వ వ్యయాన్ని నిర్ణయించే నియమం పాటించారు. రాగి ధర ఆకాశాన్ని తాకిన సంవత్సరాల్లో ఆ సొమ్ము ఖర్చు చేయాలని వీధుల్లో నిరసనలు జరిగినా ఆర్థిక మంత్రి ఆంద్రేస్ వెలాస్కో ఒప్పుకోలేదు. 2008 చివరికి స్థిరీకరణ నిధిలో సుమారు 2,000 కోట్ల డాలర్లు చేరాయి. 2009 జనవరిలో ప్రభుత్వం జీడీపీలో సుమారు 2.8 శాతం విలువైన ఉద్దీపన ప్రకటించింది, కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును కొన్ని నెలల్లోనే 8.25 శాతం నుంచి 0.5 శాతానికి దించింది. ఆ ఏడాది ఉత్పత్తి స్వల్పంగానే తగ్గింది. 2010 ఫిబ్రవరిలో పెను భూకంపం వచ్చినా ఆ ఏడాది వృద్ధి 5 శాతం దాటింది. 1982లో వడ్డీ తగ్గించడం, కరెన్సీని పడనివ్వడం, ఖర్చు పెంచడం అనే మూడు మందులూ విషంలా పనిచేసేవి. 2009లో మూడూ మందుల్లాగే పనిచేశాయి. అదే రాగి, అదే వాణిజ్య బహిరంగత. బయటి అప్పును లోపల ఎలా మోశారన్నదే మారింది.

ఐస్‌లాండ్‌లో రెండు ద్వారాల స్వభావం ఒకే దేశంలో కనిపిస్తుంది. గ్లిట్నిర్, లాండ్స్‌బాంకి, కౌప్‌థింగ్ అనే మూడు బ్యాంకుల ఆస్తులు కలిపి దేశ జీడీపీకి సుమారు పదిరెట్లకు చేరాయి. ఆ బ్యాంకుల అప్పుల్లో అత్యధిక భాగం యూరోల్లో, పౌండ్లలో, డాలర్లలో ఉంది. ఐస్‌లాండ్ కేంద్ర బ్యాంకు ముద్రించగలిగింది క్రోనాలను మాత్రమే. ఆపదలో ఆదుకునే చివరి రుణదాత లేని బ్యాంకింగ్ వ్యవస్థ అది. 2008 సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలిన మూడు నాలుగు వారాల్లోనే, అక్టోబరులో, మూడు బ్యాంకులూ వరుసగా కూలాయి. ప్రభుత్వం మూలధనం బయటికి పోకుండా విధించిన ఆంక్షలు 2017 వరకు సాగాయి. ఆ తర్వాత దేశాన్ని లేపినవి చేపలు, అల్యూమినియం, క్రోనా చౌకవడంతో పెద్ద సంఖ్యలో వచ్చిన పర్యాటకులు. దేశం రుణ ద్వారం గుండా పడి, వాణిజ్య ద్వారం గుండా బయటపడింది.

అయితే తలుపులు మూసేస్తే సరిపోతుందా? 1991 నాటి భారతదేశం దీనికి సమాధానం. అప్పటికి సుంకాలు అత్యధికం, విదేశీ పెట్టుబడికి అవకాశం అత్యల్పం, ఎగుమతులు జీడీపీలో పదోవంతు కూడా లేవు. అయినా ద్రవ్యలోటు, ప్రవాసుల డిపాజిట్ల ఉపసంహరణ, గల్ఫ్ యుద్ధంతో పెరిగిన చమురు ధర కలిసి విదేశీ మారక నిల్వలను రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడే స్థాయికి దించాయి, బంగారాన్ని విదేశీ బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టవలసి వచ్చింది. మూసి ఉన్న దేశానికి ఇతరుల సంక్షోభం అంటుకోవడం తగ్గవచ్చు. తన సంక్షోభం తానే తెచ్చుకున్నప్పుడు మాత్రం బయటపడడానికి కావలసిన ఎగుమతులు దాని దగ్గర ఉండవు, చమురు లాంటి తప్పనిసరి దిగుమతులు ఆగవు.

వాణిజ్యంలో కూడా గుడ్డిగా అంతా ఒకటే అనుకోకూడదు. ఎవరితో వ్యాపారం చేస్తున్నామన్నది ముఖ్యం. ఫిన్లాండ్ 1980ల్లో ఆర్థిక రంగాన్ని సరళీకరించి అప్పుల బుడగ పెంచుకుంది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం కావడంతో తన ముఖ్యమైన ఎగుమతి మార్కెట్లలో ఒకటి దాదాపు మాయమైంది. రెండూ కలిసి ఆ దేశ ఉత్పత్తిని మూడేళ్లలో సుమారు పదోవంతు తగ్గించాయి. బాల్టిక్ దేశాలు, పోలండ్ 2004లో ఒకే రోజున యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. 2009లో ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా ఉత్పత్తి ఒక్కొక్కటి సుమారు 14 శాతం పడిపోగా, యూనియన్ మొత్తంలో పోలండ్ ఒక్కటే వృద్ధి నమోదు చేసింది. ఎస్తోనియా ప్రభుత్వ రుణం అప్పట్లో యూనియన్‌లోనే అత్యల్పం. కనుక ప్రభుత్వ పొదుపు ఒక్కటే రక్షించదని తెలుస్తుంది. అక్కడి ప్రైవేటు రంగం యూరోల్లో అప్పులు చేసి ఇళ్లు కొన్నది, కరెన్సీ మాత్రం స్థిరంగా కట్టివేసి ఉంది. పోలండ్ ప్రజల అప్పు అంత వేగంగా పెరగలేదు, దేశీయ మార్కెట్ పెద్దది, దాని కరెన్సీ జ్లోటీ కొన్ని నెలల్లోనే యూరోతో పోలిస్తే మూడోవంతు వరకు పడిపోయి దెబ్బలో చాలా భాగాన్ని తానే తీసుకుంది. ఒక మంచి విషయం కూడా ఇక్కడ గుర్తు చేయాలి. మధ్య, తూర్పు యూరప్‌లోని బ్యాంకుల్లో అధికభాగం పశ్చిమ యూరప్ బ్యాంకుల అనుబంధ సంస్థలు. అవన్నీ ఒకేసారి వెనక్కి పోకుండా 2009లో వియన్నాలో మాతృ బ్యాంకులను, ప్రభుత్వాలను, అంతర్జాతీయ సంస్థలను ఒకచోట కూర్చోబెట్టి, రుణాలను కొనసాగిస్తామన్న హామీ తీసుకున్నారు. విదేశీ బ్యాంకు యాజమాన్యం విదేశీ బ్యాంకు రుణం కంటే స్థిరంగా ఉండగలదని అది చూపించింది.

విధానపరంగా దీని నుంచి ఏం గ్రహించాలి అన్నదానిపై నా అభిప్రాయం చెబుతాను. వాణిజ్యాన్ని ముందు, ప్రత్యక్ష పెట్టుబడిని తర్వాత, దీర్ఘకాలిక స్వదేశీ కరెన్సీ బాండ్లను ఆ తర్వాత, స్వల్పకాలిక విదేశీ కరెన్సీ రుణాన్ని అన్నిటికంటే చివర, అది కూడా బ్యాంకుల పర్యవేక్షణ గట్టిపడ్డాకే తెరవాలి. ఈ వరుస ఒకప్పుడు పాతకాలపు ధోరణిగా కనిపించేది; 2012లో అంతర్జాతీయ ద్రవ్యనిధే కొన్ని పరిస్థితుల్లో మూలధన రాకపై నియంత్రణలు సమంజసమేనని అధికారికంగా ఒప్పుకుంది. మలేసియా 1998 సెప్టెంబరులో ఆంక్షలు పెట్టి రింగిట్‌ను డాలరుకు 3.80 దగ్గర కట్టేసినప్పుడు తీవ్ర విమర్శలు వచ్చాయి, ఆ తర్వాత అవి అన్యాయమని తేలింది. అయితే ఆ ఆంక్షల వల్లనే మలేసియా బయటపడిందని నిరూపించడం కష్టం, ఎందుకంటే అప్పటికే తుఫాను తగ్గుముఖం పట్టింది, ఆంక్షలు పెట్టని కొరియా కూడా అదే కాలంలో కోలుకుంది.

మారకపు రేటును స్వేచ్ఛగా వదిలితే చాలు, సొంత వడ్డీ రేటు విధానం చేతిలో ఉంటుందన్న నమ్మకాన్ని కూడా పూర్తిగా ఆమోదించలేను. 2013లో ఆర్థికవేత్త ఎలెన్ రే చూపించినట్లు, అమెరికా ఫెడరల్ రిజర్వ్ విధానంతో ప్రపంచమంతటా రుణాల ఆటుపోట్లు కలిసి కదులుతాయి, తేలియాడే కరెన్సీ ఉన్న దేశాలు కూడా వాటికి అతీతం కావు. అదే ఏడాది ఫెడరల్ రిజర్వ్ బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చన్న ఒక్క సూచనతో బ్రెజిల్, భారత్, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా, టర్కీ కరెన్సీలు వణికిపోయాయి. ఆ ఐదింటికీ ఉమ్మడిగా ఉన్నది కరెంట్ ఖాతా లోటు. తేలియాడే రేటు దెబ్బను తగ్గిస్తుంది, తొలగించదు.

నిల్వల విషయానికొస్తే, ఏడాదిలోపు తీర్చవలసిన విదేశీ అప్పుకు సమానంగా విదేశీ మారక నిల్వలుండాలన్న సూత్రం, అర్జెంటీనా మాజీ ఆర్థిక శాఖ అధికారి పాబ్లో గిదోత్తి పేరుతో, ఆసియా సంక్షోభం తర్వాత ప్రచారంలోకి వచ్చింది. ఉపయోగకరమైన కొలత అది, కానీ కనీస కొలత. కొరియా దాన్ని పాటించి 2008 నాటికి 20,000 కోట్ల డాలర్లకు పైగా నిల్వలు కూడబెట్టింది. అయినా లేమన్ పతనం తర్వాత ఆ దేశ కరెన్సీ వన్ కూలిపోయింది. నౌకా నిర్మాణ కంపెనీలు భవిష్యత్తులో రాబోయే డాలర్లను ముందుగానే అమ్ముకోగా, వాటిని కొన్న బ్యాంకులు తమ ప్రమాదాన్ని సరిచేసుకోవడానికి విదేశాల్లో స్వల్పకాలిక డాలర్ అప్పులు చేశాయి. అంటే వాణిజ్య విజయమే తెలియకుండా రుణ ప్రమాదంగా మారింది. 2010, 2011లో కొరియా బ్యాంకుల డెరివేటివ్ పరిమాణాలపై (అంటే ఇలాంటి ముందస్తు కరెన్సీ ఒప్పందాల మొత్తంపై) పరిమితి, విదేశీ కరెన్సీ అప్పులపై ప్రత్యేక సుంకం తెచ్చింది, నా దృష్టిలో ఆ దశాబ్దంలో వచ్చిన మంచి చర్యల్లో అవి ముందుంటాయి.

2008లో వన్‌ను చివరికి నిలబెట్టింది అక్టోబరు 29న అమెరికా ఫెడరల్ రిజర్వ్ ప్రకటించిన 3,000 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి ఒప్పందం. అలాంటిదే అదే రోజు బ్రెజిల్, మెక్సికో, సింగపూర్‌లకూ దక్కింది. 2020 మార్చి 19న మళ్లీ తొమ్మిది కేంద్ర బ్యాంకులకు ఆ సదుపాయం తెరిచినప్పుడు ఈ నాలుగూ అందులో ఉన్నాయి. అలాంటి మార్పిడి ఒప్పందం లేని దేశాలకు, అదే నెల చివర్లో, తమ దగ్గరున్న అమెరికా ప్రభుత్వ బాండ్లను తాకట్టు పెట్టి డాలర్లు తెచ్చుకునే అవకాశం మాత్రమే ఇచ్చారు. అంటే ఆ దేశాలు ముందుగా ఆ బాండ్లు కొని ఉండాలి, కొనడానికి డాలర్లు ఉండాలి. ఆ డాలర్లు ఎగుమతుల మిగులు నుంచి వచ్చినవైతే అవి దేశానివే. విదేశీ మదుపరులు తెచ్చిన డబ్బును కేంద్ర బ్యాంకు కొని దాచినవైతే, నిల్వల పట్టికలో రెండూ ఒకేలా కనిపించినా, ఆ రెండో రకానికి ఎదురుగా అడిగిన రోజున తిరిగి ఇవ్వవలసిన బాధ్యత కూడా నిలిచి ఉంటుంది. అందుకే ఒక దేశం తట్టుకోగలదా లేదా అని ఎవరైనా అడిగితే నిల్వల మొత్తం కంటే ముందు ఆ నిల్వలు ఎలా పోగుపడ్డాయో చూపించే గత పదేళ్ల కరెంట్ ఖాతాను, దాని పక్కనే కంపెనీల, బ్యాంకుల ఏడాదిలోపు విదేశీ అప్పును తెరిచి చూడమంటాను.